ఒకే పంక్తికి నేసిన గుడ్డ

ఒకప్పుడు మా కాలేజీ హాస్టల్లో మమ్మల్నందరినీ ఏకం చేసిన వరదరాజు పోయాడని, సంతాప సభలో నాలుగు మాటలు చెప్పాలని వేలూరు నుంచి కబురు వచ్చింది. నాలుగు మాటలు చెప్పడం నాకు కష్టం కాదు. ఆయన బతికున్నప్పుడు ఆయన గురించి చాలానే చెప్పాను. పోయాక చెప్పాలంటే అందులోంచి కొన్ని తీసేస్తే సరిపోతుంది. వేలూరు వెళ్లేముందు దారిలో గుడియాత్తంలో దిగి, మా పాత ఇంట్లో ఉంటున్న మా చెల్లెలు మునెమ్మను చూసిపోదామనుకున్నాను. నేను పోయేసరికి ఆమె నిచ్చెన వేసుకుని అటక మీద ఉంది. పెంకు మార్చాలట, ముందుగా అటక ఖాళీ చేస్తోంది. విరిగిన అచ్చులు, కండెలు, మా అమ్మ వాడిన రాట్నం చక్రం ఒకటొకటిగా కిందికి అందిస్తూ చివరికి ఒక మడత గుడ్డను నా చేతిలో వేసింది.

ముతక నూలు గుడ్డ. ఒకప్పుడు తెల్లగా ఉండేది. రెండు పక్కలా ఎర్ర అంచు. ఒక కొసన ఎర్ర చారలు నేసి, దారపు పోగులను ముడులు వేసి కుచ్చులుగా వదిలి ఉంది. అది మా నాయన చేతి ముగింపు, ఎక్కడ చూసినా పోల్చగలను. రెండో కొసన కుచ్చులు లేవు. కత్తెరతో వంకరగా కోసిన కొస అది, పోగులు ఊడిపోకుండా ఎవరో నల్లదారంతో మడిచి కుట్టారు. ఆ కొస చూడగానే అది ఏ గుడ్డో తెలిసింది. తెలియనిదల్లా అది మా అటక మీదికి ఎట్లా వచ్చిందన్నది. నాకు తెలిసినంతలో ఆ ముక్క పేర్ణాంబట్టుకు పోయింది, ముప్పై నలభై ఏళ్లుగా నేను అదే నమ్ముతున్నాను.

"ఇది ఈడికి ఎట్లొచ్చింది మునెమ్మా?" అన్నాను.

"చెప్తాలే అన్నా, ముందు నిచ్చెన గట్టిగా పట్టుకో. కింద పడితే నీ కతలు వినేదానికి నేనుండను."

నిచ్చెన పట్టుకున్నాను. నిచ్చెన పట్టుకున్న మనిషికి ఆలోచించడం తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు.

మా వీధిలో తెల్లవారేది కోడి కూతతో కాదు, గంజి వాసనతో. పడుగుకు గంజి పెట్టే రోజున అమ్మ పెద్ద కుండ పొయ్యి మీద పెట్టేది. ఆ పులిసిన అన్నం వాసన, తడి నూలు వాసన, కుంచెకు రాసే నూనె వాసన కలిసి దుప్పట్లోకి దూరి మరీ లేపేవి. ఎండ ఎక్కకముందే పడుగు వీధి పొడుగునా సాగదీసి కట్టాలి, గంజి పట్టించాలి, కుంచెతో దువ్వాలి, తెగిన పోగు అతకాలి. ఒక ఇంటి మనుషులతో అయ్యే పని కాదు. కాబట్టి ఎవరి పడుగైనా వీధంతా వచ్చేది. నీళ్లు మోసే మనిషి వచ్చేవాడు. పక్క వీధిలో గోడలు కట్టే కూలీలు పనికి పోతూ ఒక చెయ్యి వేసేవాళ్లు. మగ్గానికి తోలు వార్లు అమ్మడానికి పేర్ణాంబట్టు నుంచి వచ్చే మనిషి ఆ వేళకు దొరికితే ఆయన కూడా ఒక కొస పట్టుకునేవాడు. పని అయ్యాక వీధిలోనే, ఆరుతున్న పడుగు పక్కన, పాత నూలు గుడ్డ ఒకటి పొడుగ్గా పరిచేవాళ్లు. పడుగు పట్టిన వాళ్లంతా దానిమీద వరసగా కూర్చుని గంజిలో మజ్జిగ కలుపుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తాగేవాళ్లు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారని చూసిన వాళ్లు నాకు గుర్తు లేరు. తోలు వార్ల మనిషి ఒకసారి మా నాయన తొడకు తొడ ఆనించి కూర్చుని, తానమ్మిన తోలు వారు ఎన్నాళ్లు నిలుస్తుందో తన కూతురి పెళ్లి మీద ఒట్టేసి చెప్పడం మాత్రం బాగా గుర్తుంది. ఆ వారు నిలవలేదు.

మా నాయన తక్కువ మాట్లాడే మనిషి. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుంటే ఆయన సగమే భూమి మీద ఉండేవాడు, ఆ సగానికి మాటలు తక్కువ. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. నేసిన గుడ్డను మగ్గం మీంచి వేరు చేయడాన్ని మా ఇంట్లో ఎవరూ కోయడం అనకూడదు. దించడం అనాలి. "గుడ్డ దించినాం" అనాలి, పిల్లను ఒళ్లోంచి దించినట్టు. మునెమ్మ చిన్నప్పుడు నోరు జారి కోసినావా అని అడిగితే ఆ పూట ఆయన అన్నం తినలేదు.

ఆ ఇంటి నుంచి నేను వేలూరు కాలేజీకి పోయాను. ఏ కాలేజీ అని చెప్పను. అక్కడి గోడలకు ఏ పాపమూ తెలియదు. ఆ రోజుల్లో మాకు సంఘాల పిచ్చి పట్టి ఉంది. చర్చా సంఘం, నాటక సంఘం, ఆంధ్ర భాషా సంఘం, దానికి పోటీగా తమిళ సంఘం, ఈ రెండింటికీ రాజీ కుదర్చడానికి ఒక సంఘం. ఇన్ని సంఘాలుంటే సభ్యులు చాలక ఒకే మనిషి ఒకచోట ప్రతిపాదించి మరోచోట ఖండించాల్సి వచ్చేది. నేను నాలుగింటిలో ఉన్నాను. హాస్యం చెబుతానని పిలిచేవాళ్లు. తీర్మానాల మధ్య మనుషులు నిద్రపోకుండా ఒకడు కావాలి కదా.

అన్నిటికంటే పెద్దది హాస్టలు సౌహార్ద సంఘం. దానికి సెక్రటరీ వరదరాజు. వేలూరు వకీలు కొడుకు, మంచి గొంతు, తెల్లటి చొక్కా, ఏ మాటైనా మూడుసార్లు చెప్పే ఓపిక. ఆ సంఘం ఎందుకు పుట్టిందంటే, మా హాస్టల్లో అందరం ఒకే కప్పు కింద ఉండి మూడుచోట్ల తినేవాళ్లం. వంటగదికి ఆనుకుని ఉన్న మొదటి గది బ్రాహ్మణ విద్యార్థులది. పెద్ద హాలు మిగిలినవాళ్లది, నేను అక్కడ. ఇక వెనక వసారాలో, వంటచెరకు పేర్చిన చోట, ఒకే ఒక్క మనిషి కూర్చునేవాడు. అతని పేరు ఏసుపాదం. పేర్ణాంబట్టు వాడు. వాళ్ల నాయన తోళ్ల షెడ్డులో పని చేసేవాడు. లెక్కల్లో మా అందరికంటే ముందుండేవాడు, హాకీలో ఆయన లేకపోతే మా జట్టు ఉత్త నడక జట్టు. ఆట మైదానంలో అందరం ఆయన భుజం మీద చెయ్యి వేసేవాళ్లం. భోజనం గంట కొట్టగానే ఆ చెయ్యి దానంతట అదే దిగేది.

ఏసుపాదానికీ నాకూ స్నేహం కుదిరింది, ఇద్దరిదీ ఒకే దారి గనక. సెలవులకు గుడియాత్తం దాకా ఒకే రైలు, అక్కడినుంచి ఆయన బండెక్కి పేర్ణాంబట్టు పోవాలి. ఒకసారి రైల్లో, పక్కనెవరూ లేనప్పుడు, మామూలు మాట చెప్పినట్టే చెప్పాడు.

"ఈ ఏడు చూస్తానప్పా. మీ సంఘం ఏదో చేస్తామంటా ఉండాది కదా. లోపలికి పిలిస్తే చదువుతాను. లేకుంటే ఊరికి పోతాను. కట్టెల పక్కన కూచోని తినేదానికి ఇంటర్మీడియట్ దాకా రావల్లనా? మా నాయన షెడ్డులో అయితే కంపుంటాది గానీ అందరికీ ఒకే కంపు."

"సంఘంలో నువ్వూ ఉన్నావు కదరా," అన్నాను.

"ఉండాను. ప్రతి కులానికీ ఒకడుండల్లని రూలు. నేను రూలుకుండాను."

ఏడాదంతా ఆ సంఘం కూర్చుంది. అందరం కలిసి ఒక పంక్తిలో భోంచేయాలని తీర్మానం త్వరగానే అయింది; అది ఎవరికీ నొప్పి లేని పని. చిక్కు పీటల దగ్గర వచ్చింది. ఎవరి పీట మీద ఎవరు కూర్చోవాలి, పీట ఎవరు ఎత్తాలి, ఎత్తినవాడు ఎవరి పీట ముట్టాడు. వారాల తరబడి పీటల మీదే చర్చ నడిచింది. అప్పుడు నాకు మా వీధి గుర్తొచ్చింది. పీటలే వద్దు, ఒకే పొడుగు గుడ్డ పరుద్దాం, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మా నాయన నేసి ఇస్తాడు అన్నాను. వరదరాజు లేచి నన్ను కౌగిలించుకున్నాడు. ఒకే గుడ్డ, ఒకే జాతి, ఒకే పంక్తి అన్నాడు. మూడుసార్లు అన్నాడు.

దసరా సెలవులకు ఇంటికి పోయి నాయనకు చెప్పాను. ఆయన మగ్గంలోంచి తలెత్తాడు.

"ఎంత పొడుగు?"

"మా హాలంత పొడుగు నాయనా."

"అందురూ కూచుంటారా దాని మింద?"

"అందరూ."

"అయ్యర్ల పిల్లోళ్లు గూడానా?"

"తీర్మానం అయింది నాయనా."

"అట్లనా," అన్నాడు. తీర్మానమంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఇంగ్లీషు చదివినవాళ్లు కూర్చుని చేసేది గనక గట్టి సరుకే అయి ఉంటుందనుకున్నాడు. కాసేపు నాడె ఆడించి మళ్లీ ఆపాడు. "అయితే నడాన యాడా అతుకు లేకుండా నేస్తాను. అతుకుంటే ఈడు ఆపక్క, వాడు ఈపక్క అంటారు."

ఆ పడుగు సాగదీసినప్పుడు మా వీధి చాలక పక్క వీధిలోకి మలుపు తిప్పారని మునెమ్మ ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. లుంగీలు నేయాల్సిన మగ్గం మీద నాయన ఆ గుడ్డే నేశాడు. నేసినంతకాలం ఇంట్లో అందరూ దాన్ని పిల్లోడి గుడ్డ అన్నారు, నా పెళ్లికి నేస్తున్నట్టు. దించిన తరువాత చుట్ట చుట్టి, భుజం మీద పెట్టుకుని, ఆయనే రైలెక్కి వచ్చాడు. కాట్పాడిలో కూలీ పట్టుకోబోతే ఇవ్వలేదు.

పంక్తి భోజనం రోజున హాలు మామిడాకులతో, రంగు కాయితాలతో వెలిగిపోతోంది. వాకిటికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. దాన్ని కత్తిరించడానికి పళ్లెంలో కత్తెర పెట్టారు. గుడ్డ పరిచాం. గోడ నుంచి గోడకు సరిగ్గా సరిపోయింది. నాయన గుమ్మం దగ్గర తలపాగా చేత్తో పట్టుకుని నిలబడి, ఎక్కడైనా ముడత ఉందేమోనని చూస్తున్నాడు. విస్తళ్లు వేశారు. స్నానాలు చేసి మొదటి గదివాళ్లు వచ్చారు. వచ్చి, గుడ్డ అంచు దాకా వచ్చి, నిలబడిపోయారు.

వంట చేసే అయ్యర్ ఒక సందేహం చెప్పాడు. ఆయన కోపంగా చెప్పలేదు; పప్పులో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పాడు. "పట్టయితే పరవాలే. కంబళి అయినా పరవాలే. నూలు గుడ్డకి అంటుంది తంబీ. ఆ కొసన ఎవరు కూచున్నా ఈ కొసకి వస్తుంది."

ఆ వారమే మాకు క్లాసులో విద్యుత్తు పాఠం అయింది. పట్టు, ఉన్ని తమగుండా దాన్ని పోనివ్వవని మేష్టారు గాజు కడ్డీ పట్టుకుని చూపించారు. పాశ్చాత్య శాస్త్రానికీ మన ఆచారానికీ ఇంత చక్కని పొత్తు కుదరడం చూసి నాకు ముచ్చటేసింది. అదే మాట పైకి అన్నాను. అందరూ నవ్వారు. నవ్వడం అయ్యాక ఎవరూ కూర్చోలేదు.

వరదరాజు అక్కడికక్కడే సంఘాన్ని సమావేశపరిచాడు. హాలు మూలన నిలబడే కూర్చున్నాం అనాలి. గుడ్డ ఒకటేననీ, నేత ఒకటేననీ, సూత్రప్రాయంగా పంక్తి ఒకటేననీ, అయితే సోదరుల మనోభావాలను గౌరవించి గుడ్డ మధ్యలో రెండుచోట్ల జానెడేసి ఖాళీ ఉంటే సౌహార్దం ఇంకా బలపడుతుందనీ ఆయన సవరణ ప్రతిపాదించాడు. ఒప్పుకున్నవాళ్లు చెయ్యి ఎత్తమన్నాడు. చేతులు లేచాయి. ఏసుపాదం చెయ్యి కూడా లేచింది. నేను అతని వైపు చూశాను.

"ఎత్తకుంటే మాత్రం అతుక్కుంటాదా?" అన్నాడు నాతో.

నేను చెయ్యెత్తలేదు. అయినా ఏకగ్రీవమనే రాసుకున్నారు. ఒక చెయ్యి కోసం అంత మంచి మాట పాడుచేసుకోలేరు కదా.

కత్తెర కోసం వెతకనక్కరలేకపోయింది. పళ్లెంలో సిద్ధంగా ఉంది. వరదరాజు స్వయంగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. రిబ్బనుకని తెచ్చిన కత్తెర, ముతక గుడ్డకు సాగక నమిలింది. హాలంతా చూస్తోంది. నేను నాయన దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆయనే అన్నాడు, మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు.

"ఆ కత్తెర మొండిది నాయనా. పోగులు లాగతా ఉండాది. నిదానంగా కొయ్యమని చెప్పు."

ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.

భోజనం బాగా జరిగింది. మొదటి ముక్క మీద మొదటి గది. రెండో ముక్క మీద మేము. నాయనను కూడా అక్కడే కూర్చోమన్నారు, కూర్చుని తలవంచుకుని తిన్నాడు. మూడో ముక్క మీద ఏసుపాదం ఒక్కడే. అంత పొడుగు గుడ్డకు ఒక్క మనిషి. పదిమంది పట్టే చోట ఒక్క విస్తరి ముందు కూర్చుని, వడ్డించేవాడు ఇంత దూరం నడిచి రావాలి పాపం అన్నట్టు చూస్తున్నాడు. భోజనాల తరువాత పాట కచేరి. హార్మోనియాన్ని తెచ్చి మొదటి ముక్క మీద పెట్టారు. అప్పుడు ఏసుపాదం నన్ను పిలిచి చెవిలో చెప్పాడు.

"ఆ పెట్టెకు గాలి కొట్టే తిత్తి ఉండాది చూడు. అది మా ఊరి తోలు. మా నాయన షెడ్డులోదే అయినా కావచ్చు. అది ఆ ముక్క మింద కూచునింది, నేను ఈ ముక్క మింద. పట్టు, కంబళి, తోలు. మీ మేష్టరుకు చెప్పప్పా, పాఠంలో ఒకటి మరిచిపోయినాడు."

మరునాడు పెట్టె సర్దుకున్నాడు. నేను ఆపబోయాను. ప్రిన్సిపాలు దొర కూడా పిలిచి అడిగాడట, దేనికి పోతున్నావని. హాల్లో చోటు దొరికింది కదా అని దొర అన్నాడట. దొరికిందండీ, చాలా ఎక్కువ దొరికింది అన్నాడట ఏసుపాదం. పోతూ పోతూ మూడో ముక్కను మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. ఎవరూ వద్దనలేదు. అది ఇక సంఘానికి అక్కరలేదు. మొదటి ముక్క వంటింట్లో అప్పడాలు ఆరబోయడానికి పనికొచ్చింది. రెండోది నాటక సంఘం తెరకు అంచుగా కుట్టారు. మన ఐక్యత అట్లా చాలాకాలం ఉపయోగపడింది.

ఆ తరువాత ఏసుపాదాన్ని నేను ఒక్కసారే చూశాను, ఏళ్లు గడిచాక, గుడియాత్తం స్టేషన్లో. షెడ్డులో మేస్త్రీ అయ్యాడు, చేతులు తోళ్లు పదునుచేసే తుమ్మచెక్క రంగు పట్టి ఉన్నాయి. లెక్కల గురించి గానీ హాకీ గురించి గానీ ఎత్తలేదు. రైలు కదిలేముందు మాత్రం నవ్వుతూ, "మీ నాయన తాటాకు గొడుగు ఇంకా ఉండాదా?" అని అడిగాడు. ఏదో మాట కోసం అడిగాడనుకుని, ఉంది అన్నాను.

వరదరాజు పెద్దవాడయ్యాడు. మునిసిపాలిటీలో, సభల్లో, పటాల్లో పెద్దవాడయ్యాడు. పోయినేడు ఆ హాస్టలు చూడటానికి పోయాను. ఇప్పుడు అక్కడ బల్లలు, కుర్చీలు. గుడ్డ గొడవే లేదు; కుర్చీకీ కుర్చీకీ మధ్య జానెడు ఖాళీ వడ్రంగే పెట్టి ఇచ్చాడు. పిల్లలందరూ ఒకే హాల్లో తింటున్నారు. ఏ బల్ల ఎవరిదని నన్ను తీసుకుపోయిన కుర్రవాణ్ణి అడిగితే, అట్లాంటివి ఇప్పుడు లేవండీ అన్నాడు. అని, నన్ను జాగ్రత్తగా ఒక బల్ల దాటించి ఇంకో బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. గోడ మీద వరదరాజు పటం, కింద సహపంక్తి వ్యవస్థాపకుడు అని అక్షరాలు. ఇవన్నీ సభలో ఎట్లా చెప్పాలో రైల్లోనే కూర్చుకున్నాను. కత్తెర మాట ఎక్కడ వేయాలో, ఎక్కడ ఆగితే జనం నవ్వుతారో కూడా చూసుకున్నాను. పోయినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ ఒక్కణ్ణి వదలదలుచుకోలేదు.

మునెమ్మ నిచ్చెన దిగింది. కొంగుతో మొహం తుడుచుకుని, గుడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది.

"ఆ అన్న తెచ్చి ఇచ్చినాడు. నీతో చదివినాడే, పేర్ణాంబట్టు అన్న. ఊరికి పోతా పోతా బండి దిగి మనింటికి వచ్చినాడు. 'పెదనాయనా, మీ సరుకు మీకే ఇచ్చి పోదామని వచ్చినాను' అన్నాడు. నాయన గుడ్డ విప్పి కోసిన కొస చూసి, అమ్మను సూదీ దారం తెమ్మని, ఆడ్నే కూచోని ఆయనే కుట్టినాడు. ఇంట్లో నల్లదారమే ఉన్నింది. నాకు బాగా గుర్తుండాది."

"మరి నాకెవరూ చెప్పలేదే."

"నువ్వు యాడ అడిగినావు?"

అది నిజమే. "తిండి పెట్టినారా?" అన్నాను.

"పెట్టకుండా పంపుతారా? రాగి సంగటి, చింతాకు పప్పు. అమ్మ రెండు మాట్లు వడ్డించింది. ఇదే గుడ్డ పరిచినారు కూచునేదానికి."

"యాడ పరిచినారు?"

మునెమ్మ నా మొహం వైపు చూసింది, ఇంత చదివి ఇదేం ప్రశ్న అన్నట్టు. "వాకిలి బయట, తిన్నె మింద. ఇంకా యాడ?"

ఆమె తన ధోరణిలో చెప్పుకుపోయింది. "తింటా ఉంటే వాన ఎత్తుకునింది. అప్పుడు మన చూరు చిన్నది కదా, జల్లు తిన్నె మిందికి కొడతా ఉన్నింది. నాయన లోపలికి పోయి తాటాకు గొడుగు తెచ్చి, ఆ అన్న నెత్తిన పట్టుకోని నిలబడినాడు. ఆయన తినేంతవరకూ నిలబడినాడన్నా. తాను నిలువునా తడిసిపోయినాడు. ఆ అన్న, 'చాల్లే పెదనాయనా, మీరు లోపలికి పోండి' అంటాడు. నాయన, 'నువ్వు తిను నాయనా, నిదానంగా తిను' అంటాడు. ఇద్దురూ అదే మాట అనుకుంటా ఉండారు. వాకిలి తెరిచే ఉండాది."

"మన పడుగు దినాన వీధిలో అందరూ వరసగా కూచునేవాళ్లు కదా మునెమ్మా. వాన వస్తే ఏం చేసేవాళ్లు?"

"ఏం చేస్తారు? పడుగు చుట్టి లోపలికి తెస్తా ఉన్నిరి."

"మనుషులు?"

"ఎవురిండ్లకు వాళ్లు పోతా ఉన్నిరి. పడుగు తడిస్తే గంజి పోతాది గానీ, మనుషులు తడిస్తే ఏమవుతాది?" అని, గుడ్డను మళ్లీ పాత మడతల్లోనే మడిచింది. "ఉతికి అటక మింద పెట్టినారు. ఆ పొద్దు నుంచీ ఎవురూ వాడలే. నీకు కావల్లంటే తీసుకుపో."

తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. మరునాడు వేలూరులో సభకు పోయాను. హాలు నిండా జనం, వరదరాజు పటానికి పెద్ద దండ. ముందుగా లేచి నిలబడి కాసేపు మౌనం పాటించమన్నారు. పాటించాం. తరువాత అందరూ కూర్చున్నారు. మృతుని సహాధ్యాయి, ప్రసిద్ధ హాస్య రచయిత ఇప్పుడు మాట్లాడతారని అధ్యక్షుడు నన్ను పిలిచాడు. లేచి వేదిక దాకా పోయాను. జనం అప్పుడే కొద్దిగా నవ్వడానికి సిద్ధపడుతున్నారు. రైల్లో కూర్చుకున్న కత్తెర మాట ఎత్తబోతే మా తిన్నె గుర్తొచ్చింది. మౌనం నాకు ఇంకా పూర్తి కాలేదని చెప్పి వచ్చి కూర్చున్నాను.